అనుమతి లేని గొంతు

రెండుంబావుకి భీమేశ్వరరావు లాగ్‌బుక్కులో మళ్ళీ ‘ఏమీ లేదు’ అని రాశాడు. పొద్దున పదిన్నర నుంచి పావుగంటకోసారి అదే రాస్తున్నాడు, అలా రాయగలగడమే తన ఉద్యోగంలోని గొప్ప అని అతని నమ్మకం. ఏమీ లేదంటే మంట లేదని కాదు. మంట ఉంది, కువైట్‌లో జహ్రా దాటాక సముద్రం వైపున్న రెల్లు మడుగుల్లో పొద్దుటి నుంచి మండుతూనే ఉంది, గట్టు మీద ఆపిన వ్యాను అద్దంలోంచి చూస్తే ఆకాశం సగం మాడిన గిన్నె అడుగులా ఉంది. ఏమీ లేదంటే, ఆ మంట మీద బకెట్టు వేలాడేసుకుని తిరుగుతున్న హెలికాప్టర్‌కీ, కింద నీళ్ళ ట్యాంకర్లు నడిపే మనుషులకీ మధ్య పరాయి గొంతులేవీ అడ్డం రాలేదని. గాలిలో వాళ్ళకొక దారి వేసి పెట్టడం, ఆ దారిలోకి ఇంకెవరూ రాకుండా చెవులతో కాపలా కాయడం, పదహారేళ్ళుగా అతని పని ఇదే. దారంటే మరేం లేదు, ఒక ఫ్రీక్వెన్సీ, కాగితం మీద చూస్తే ఆరంకెలు, కానీ ఆ ఆరంకెల కోసం పొద్దున్నే ఎనిమిది ఫోన్లు చేయాలి, ఓడల వాళ్ళని, విమానాల వాళ్ళని, అందరినీ ఈ పూటకి దీని మీద మాట్లాడకండి బాబూ అని బతిమాలాలి. బతిమాలాడు, ఒప్పుకున్నారు, ఇప్పుడు ఆ దారి అతని చెవుల్లో సన్నగా, ఖాళీగా, శుభ్రంగా హోరుమంటోంది. ఆ హోరంటే అతనికి ఇష్టం. ఇష్టమని ఎవరికీ చెప్పలేదు, చెబితే నవ్వుతారు.

అక్టోబరు నెలాఖరైనా వ్యాను రేకు చెయ్యి పెడితే చురుక్కుమంటోంది. ఏసీ గాలి మోకాళ్ళకి తప్ప ఇంకెక్కడికీ రావడం లేదు. హెలికాప్టర్ సముద్రం మీదికి వెళ్ళింది, బకెట్టు ముంచుకుని నాలుగు నిమిషాల్లో వస్తుంది, ఈ నాలుగు నిమిషాలు మాటలుండవు. పైలట్ గ్రీసు దేశం వాడు, ఎండాకాలమంతా అక్కడి కొండల్లో అడవులు తగలబడుతుంటే ఆర్పి ఆర్పి ఇక్కడికి మూడు నెలల అద్దెకి వచ్చాడు, వచ్చిన రోజు ఎయిర్‌పోర్టు షెడ్డులో తను ఫ్రీక్వెన్సీల కార్డు ప్లాస్టిక్ వేయించి చేతికిస్తే దాన్ని మోకాలికి కట్టుకుంటూ, మీ దేశంలో చెట్లెక్కడున్నాయయ్యా తగలబడటానికి, అని అడిగాడు. మా దేశంలో బోలెడున్నాయి గానీ ఇది మా దేశం కాదు, అందామనుకుని భీమేశ్వరరావు ఊరుకున్నాడు. ఊరుకోవడం అతనికి అలవాటైన విద్య. అందరూ మాట్లాడే చోట మాట్లాడకుండా కూర్చోవడానికే కంపెనీ జీతమిస్తోంది. వ్యానులో సెట్టుంది, సెట్టుకి మైకు కూడా ఉంది, కానీ ఆ మైకు సీటు ముందు అరలో ప్లాస్టిక్ సంచీలో, సంచీకి సీలు వేసి, సీలు మీద ఈజిప్టు ఇంజనీరు తౌఫిక్ సంతకంతో ఉంది. వినేవాడు వినాలి, వినేవాడు మాట్లాడితే వినడానికి ఎవడున్నట్టు, మైకు ముట్టుకున్నావో ఖలాస్, అని తను ఉద్యోగంలో చేరిన రోజే తౌఫిక్ చెప్పాడు. అది బెదిరింపనిపించలేదు భీమేశ్వరరావుకి. ఎప్పుడో విన్న మాటలాగే ఉంది.

విన్నది నాన్న దగ్గర. అమలాపురం అవతల వాళ్ళకి మైకు సెట్టు వ్యాపారం, రెండు యాంప్లిఫయర్లు, ఎనిమిది హారన్లు, పెళ్ళిళ్ళకీ ఎన్నికలకీ అద్దెకిచ్చేవారు, అయితే మైకు తెచ్చినవాడు మైకులో మాట్లాడకూడదని నాన్నకి గట్టి పట్టింపు. హలో హలో అని మూడు సార్లు అనొచ్చు, అంతే, ఆ తర్వాత మాట పెళ్ళివారిది. కాలవకి అటూ ఇటూ ఒకే రోజు రెండు పెళ్ళిళ్ళు పడితే నాన్న పడవ కట్టించుకుని అవతలి మైకువాడి దగ్గరికి వెళ్ళి, మీ హారన్లు తూర్పుకి తిప్పుకోండి, మావి పడమటికి తిప్పుకుంటాం, మీ సన్నాయి అయ్యాక మా సన్నాయి, అని మాట్లాడుకుని వచ్చేవాడు. పొద్దున తను చేసిన ఎనిమిది ఫోన్లూ అవే, పడవ ఒక్కటే లేదు. ఇంకోటి కూడా చేసేవాడు నాన్న. హారన్లన్నీ కట్టాక యాంప్లిఫయర్ దగ్గర నిలబడి బాగుందనేవాడు కాదు, చెప్పులు చేత్తో పట్టుకుని చేను గట్ల మీద చిట్టచివరి హారను దాకా నడిచి వెళ్ళేవాడు, అక్కడ నిలబడి విని, చెయ్యి ఊపితే అప్పుడు బాగున్నట్టు. ఇవతల బాగుంటే ఏం లాభంరా, వినేవాడు అవతల కదా ఉన్నాడు, అనేవాడు. నాన్న చెయ్యి ఊపడం ఇప్పటికీ కనిపిస్తుంది, తెల్లచొక్కా, దూరంగా, చాలా చిన్నగా. ఇప్పుడెందుకు గుర్తొచ్చిందో. ఆకలేస్తోందేమో.

కారియరు సీటు కింద ఉంది. పొద్దున్నే భార్య జ్యోతిలక్ష్మి కట్టిచ్చింది, క్లినిక్కుకి డ్యూటీకి పోయే తొందరలో కూడా, బ్నీద్ అల్ గార్ ఫ్లాటు గుమ్మంలో నిలబడి ఏదో చెప్పింది, కూర గురించే. ఆఁ అన్నాడు. పదిహేనేళ్ళ కాపురంలో తను అన్న ఆఁలన్నీ కుప్ప పోస్తే ఈ గట్టు మునుగుతుంది. ఏవండీ వింటున్నారా అంటుంది, ఆఁ. విన్నారా, ఆఁ. నేనేం చెప్పానో చెప్పండి చూద్దాం అంటే మాత్రం దొరికిపోతాడు. మొన్నోసారి దానికి ఏడుపొచ్చింది. పెద్ద గొడవ కూడా కాదు, దాని తమ్ముడి ఆపరేషన్ సంగతి చెబుతోంది, చెప్పీ చెప్పీ ఆగిపోయి, మీరు వింటారండీ, నాకు తెలుసు, కానీ విన్నట్టు నాకు తెలియాలి కదా, గోడకి చెప్పుకున్నా గోడ వింటది, అని వంటింట్లోకి వెళ్ళిపోయింది. నిజమే కదా. రేడియోలో కూడా అదే నియమం, అవతలివాడు చెప్పిన మాట తిరిగి చెబితేనే విన్నట్టు, లేకపోతే వినలేదనే లెక్క. ఆ నియమం తను పుస్తకంగా అచ్చేయించి ఐదుగురు డ్రైవర్లకీ పంచాడు. ఇంట్లో ఒక ప్రతి ఉంచుకోవలసింది.

ట్యాంకర్ మూడు లోపలికి పోతాంది, అంది చెవుల్లో గొంతు. గురప్ప. రాయచోటి పక్కవాడు, ఇంగ్లీషులో చెప్పమంటే ‘ట్యాంకర్ త్రీ గోయింగ్ ఇన్‌సైడ్’ అన్న నాలుగు ముక్కలూ బట్టీ పట్టి, అది అయ్యాక తెలుగులో కూడా ఓసారి అంటాడు, తన తృప్తి కోసం. పైలట్ సరే అన్నాడు. గురప్ప తిరిగి ఏమీ అనలేదు, అనడు, డ్రైవర్లెవరూ అనరు. పొద్దున హెలికాప్టర్ లేచే ముందు పైలట్ నా మాట ఎలా వినపడుతోందని ఒక్కొక్కరినీ అడిగితే ఐదుగురిలో ఒక్కడూ పలకలేదు, భీమేశ్వరరావు నవ్వుకున్నాడు, తెల్లవాడితో ఇంగ్లీషులో మాట్లాడాలంటే మనవాళ్ళకి గొంతు దిగదు, ఎప్పుడూ ఉన్నదే. గురప్పది మరీ సిగ్గు. కానీ మాటలు రాక కాదు. అర్దియాలో కంపెనీ యార్డు, దాని వెనకే డ్రైవర్ల గదులు, ముందు తన రేడియో వర్క్‌షాపు, రోజూ పొద్దున్నే సెట్టుకి ఛార్జి పెట్టిన బ్యాటరీ కోసం వచ్చి పది నిమిషాలు నిలబడి మాట్లాడతాడు, తను ఆఁ అంటుంటాడు, గురప్పకి ఆ ఆఁలు చాలు. మొన్న శనివారం మాత్రం బ్యాటరీ తీసుకున్నాక కూడా కదల్లేదు. 

“సార్, ఆ క్రేనాయప్ప గొంతు ఏమైపాయ? రెండు దినాలాయ ఇనపడి.”

క్రేను మనిషి సంగతి లాగ్‌బుక్కులో ఉంది, పోయిన గురువారం పేజీలో. జహ్రాలో కొత్త ఇళ్ళు కడుతున్న చోట ఎవరో క్రేను నడిపేవాడు చవక సెట్టొకటి కొనుక్కుని, తెలిసో తెలియకో సరిగ్గా ఈ దారి మీదే కింద ఉన్న తన జతగాడితో మాట్లాడుకుంటున్నాడు. మధ్యాహ్నమైతే, ఈ పొద్దు ఏం కూరబ్బా, అని పైనుంచి అడుగుతాడు. చెనిక్కాయల చట్నీ అని కిందివాడు. నిన్నా అదేగదా అని పైవాడు. మిగతా డ్రైవర్లు ఎవరో మద్రాసీలు చెవులు తినేస్తున్నారని తౌఫిక్‌కి ఫిర్యాదు చేశారు. భీమేశ్వరరావు హెడ్‌ఫోన్స్ పెట్టుకుని పద్ధతిగా రాసుకున్నాడు. గొంతు: అనుమతి లేనిది. భాష: తెలుగు. విషయం: కూర. ఎవరు: తెలియదు. చర్య అన్న గడిలో మర్నాటికి రాయగలిగాడు: టోన్ పెట్టి ఆపబడినది. టోనంటే, మనిషి మాట్లాడేటప్పుడు సెట్టు ఆ మాట అడుగున ఒక సన్నని రొద కలిపి పంపుతుంది, మనిషి చెవికి ఆనదు, అవతలి సెట్టుకి ఆనుతుంది. ఆ రొద ఉన్న గొంతునే లోపలికి రానిస్తుంది, లేనిదాన్ని గుమ్మంలోనే ఆపేస్తుంది, తమ బిల్డింగు కాపలా హారిస్ మొహం తెలియని వాణ్ణి లిఫ్టెక్కనివ్వడు చూడండి, అలా. ఐదు సెట్లకీ తనే కూర్చుని పెట్టాడు, అన్నీ వినవలసిన వ్యాను సెట్టుకి గుమ్మం పెట్టకుండా రొద మాత్రం కలిపాడు, డ్రైవర్ల చేత ఒక సెట్టు నుంచి ఇంకో సెట్టుకి హలో అనిపించి చూశాడు, బ్రహ్మాండంగా వినపడింది, క్రేను మనిషి ఖలాస్. అదంతా గురప్పకి చెబితే అతను సెట్టు కేసి చూస్తూ, “ఆయప్ప తప్పేమన్నా మాట్లాడినాడా సార్? ఏం కూర అని గదా అడుగుతాండె,” అన్నాడు. “లారీలో ఒగన్నే పోతాంటే, పక్కన మనిసుండినట్ల ఉండె.” భీమేశ్వరరావు ఆఁ అన్నాడు.

గాలి మారినట్టుంది. వ్యాను ఏరియల్‌కి కట్టిన రిబ్బను ఇందాకటి దాకా సముద్రం వైపు ఎగురుతున్నది ఇప్పుడు వ్యాను మీదికి కొడుతోంది. గట్టు అవతలి చివర కువైటీ ఫైర్ ఆఫీసరు తన మనుషుల్ని వెనక్కి పిలుస్తున్నాడు, వాళ్ళ సెట్లు వేరు, వాళ్ళ దారి వేరు, అది అతని పని కాదు. ఒక్కొక్కరే పొగలోంచి వస్తున్నారు, పసుపు టోపీలు. ఒకటో నంబరు ట్యాంకర్ వచ్చింది, ఐదోది వచ్చింది. చెవుల్లో పైలట్ గొంతు, మామూలుగానే, ట్యాంకర్ మూడు, గాలి తిరిగింది, నువ్వు వచ్చిన బాటకి మంట వస్తోంది, వెనక్కి వెళ్ళకు, ఎడమకి సముద్రం వైపు బయటికి వచ్చెయ్. భీమేశ్వరరావు రాసుకున్నాడు, రెండూ ముప్పై ఒకటి. జవాబు లేదు. గురప్పకి సిగ్గు, జవాబు ఉండదు. పైలట్ మళ్ళీ అన్నాడు, ఈసారి మాటలు విడివిడిగా. ఆ వెంటనే గురప్ప గొంతు, దగ్గుతూ, హెలికాప్టర్ హెలికాప్టర్, ట్యాంకర్ త్రీ, పొగ శానా ఉండాది, యాడ పోవల్ల, హలో, ఎవురన్నా ఉండారా. పైలట్, ఎడమకి, ఎడమకి. గురప్ప, హలో హెలికాప్టర్, ఎవురూ పలకరేంది. ఒకడు అడుగుతున్నాడు, ఒకడు చెబుతున్నాడు, తెలుగూ ఇంగ్లీషూ అని కాదు, లెఫ్ట్ అన్న మాట గురప్పకి తెలుసు, లారీ నడిపే ఏ మనిషికైనా తెలుసు, అయినా అతను అడుగుతూనే ఉన్నాడు. సిగ్గు కాదు. వినపడటం లేదు. పొద్దున ఒక్కడూ పలకనిది కూడా సిగ్గు వల్ల కాదు. టోను. ఐదు సెట్లకి గుమ్మం పెట్టాడు, గుర్తు చీటీ హెలికాప్టర్‌కి ఇవ్వలేదు. పైలట్ మోకాలి మీదున్న కార్డు పాతది, అందులో టోన్ అంకె లేదు, టోను పెట్టిన రోజు హెలికాప్టర్ రిపేరు షెడ్డులో ఉంది, ఆదివారం కొత్త కార్డు ఇద్దాం, ఓసారి పైనుంచి మాట్లాడించి చూద్దాం అనుకున్నాడు, ఆదివారం ఎన్నో పనులు. సెట్ల మధ్య మాట్లాడించి చూసి బాగుందనుకున్నాడు, ఆ సెట్లన్నిటిలో టోనుంది కనక బాగుంది, ఇవతల నిలబడి ఇవతలే విన్నాడు, చివరి హారను దాకా నడవలేదు. క్రేను మనిషిని ఆపిన గుమ్మంలోనే పైలట్ కూడా ఆగిపోయాడు.

ఫోను తీసి గురప్పకి చేశాడు, మోగుతోంది, లారీ పంపు హోరులో, జేబులోనో సీటు మీదో, మోగి మోగి ఆగింది. ఆఫీసరు దగ్గరికి పరిగెత్తితే రెండు వందల గజాలు, పరిగెత్తి, వచ్చీరాని అరబీలో చెప్పి, ఆయన నమ్మి, అప్పుడు మాత్రం ఆయన ఏం చేస్తాడు, తన మనుషుల్నే బయటికి లాగేసినవాడు ఇంకొకణ్ణి లోపలికి పంపుతాడా. అర తలుపు తీస్తే సంచీ ఉంది, సీలు మీద తౌఫిక్ సంతకం, తీగలు తీగలుగా. పైలట్ మూడోసారి పిలిచాడు. ఇక్కడ భీమేశ్వరరావు ఆగాడు. తర్వాత ఎంతమంది అడిగినా అతను ఒప్పుకోవలసిందే, ఆగాడు. ఈ దేశంలో ఉండనిచ్చే ఇఖామా కార్డు వచ్చే నెల రెన్యూవల్ అన్నది గుర్తొచ్చింది, సీలు చింపితే మైకు ఎందుకు ముట్టావంటారు, ముట్టడానికి కారణం చెబితే టోను బయటికొస్తుంది, టోను తన చేత్తో పెట్టిందే, చింపకపోతే ఎవరికీ తెలియదు, డ్రైవరు సెట్టు సరిగా వాడలేదంటారు, అతనికి ఇంగ్లీషు రాదంటారు, అందరూ నమ్ముతారు, పొద్దున తనే నమ్మాడు. ఇంత చక్కగా ఆలోచించగలిగింది ఆ బుర్ర, ఒక మనిషి పొగలో దగ్గుతుంటే. ఆ తర్వాత తన మీద తనకి కలిగిన అసహ్యం అంతా ఇంతా కాదు. పైలట్ నాలుగోసారి పిలిచేసరికి సీలు చిరిగింది, పళ్ళతో చింపాడు, మైకు తీగ గుచ్చబోతే రెండుసార్లు తప్పింది. మూడో పిలుపుకీ నాలుగో పిలుపుకీ మధ్య పోయిన సమయం అతనిది, ఇంకెవరిదీ కాదు.

“గురప్పా, నేను భీమేశ్వరరావుని. వర్క్‌షాపు సార్‌ని. వినపడతందా?”

తన గొంతు తనకే కొత్తగా ఉంది. పదహారేళ్ళలో ఈ దారి మీద అతనెప్పుడూ మాట్లాడలేదు. హోరు, హోరు, ఆ తర్వాత గురప్ప.

“ఇనపడతాంది సార్. నేను వచ్చిన దావనే రివర్సులో పోతాండా.”

“వెనక్కెళ్ళకు. బాట మీదకి మంటొచ్చేసింది. పైపులు వదిలేసి ఎడం పక్కకి తిప్పు, సముద్రం పక్కకి.”

“ఆ పక్క దావ ల్యా సార్. అంతా రెల్లే.”

భీమేశ్వరరావు పైలట్ మాట కోసం ఆగాడు, పైలట్ చెప్పాడు, వంద గజాలు పచ్చి రెల్లు, కింద నీళ్ళు లేవు, లారీ పోతుంది, తర్వాత ఉప్పు నేల. దాన్ని తెలుగులో చెప్పాడు. 

“నీకు ఆడినుంచి కనపడతాందా సార్?” 

అతను అబద్ధమాడొచ్చు, కనపడతందంటే గురప్పకి ధైర్యంగా ఉంటుంది. “నాకు కనపడట్లేదు గురప్పా. హెలికాప్టర్ ఆయనకి కనపడతంది. ఆయన చెప్పేది నాకు వినపడతంది. అదే చెప్తన్నాను.” 

“సరే సార్. ఎడమకి కొడతాండా,” అని గురప్ప, తనకి చెప్పిన మాటనే తిరిగి చెప్పాడు, పుస్తకంలో రాసినట్టే.

తర్వాత రెల్లు విరుగుతున్న చప్పుడు, ఇంజను, దగ్గు. సెట్టు మీట వదలడం మరిచిపోయినట్టున్నాడు, అంతా వినపడుతోంది. పైలట్ చెబుతున్నాడు, నేరుగా, కొంచెం ఎడమ, నేరుగా, ఇతను చెబుతున్నాడు, నేరుగా, కొంచెం ఎడమకి, నేరుగా. మీట వదిలిన సందులో చెప్పాలి, పట్టుకుని ఉంటే వినపడదు, వదలరా నాయనా అని లోపల మొక్కుకున్నాడు, వదిలాడు. ఒకచోట పైలట్ పొగలో లారీ కనిపించడం లేదన్నాడు. కనిపించడం లేదన్న మాటని తెలుగులో ఎలా చెప్పాలి, చెప్పకూడదు, కానీ ఏదో ఒకటి చెప్పాలి, ఇప్పుడు ఊరుకుంటే దారి మళ్ళీ ఖాళీ అవుతుంది, తనకి ఇష్టమైన ఆ శుభ్రమైన హోరు, ఎంత భయంకరంగా ఉందది. 

“మాట్లాడతా ఉండు సార్,” అన్నాడు గురప్ప, ఊపిరాడక, “ముందరేమీ కనపడల్యా. గొంతు ఇనపడితే నేరుగా తోలతా.” 

మాట్లాడాలి. ఏం మాట్లాడాలి. సొంతంగా ఒక మాట అనడమంటే ఏమిటో అతనికి తెలియదు, నాన్న మూడు హలోల తర్వాత నేర్పలేదు. నోటికొచ్చిందే అన్నాడు. 

“గురప్పా, ఈ పొద్దు ఏం కూర?”

హోరు. ఆ తర్వాత దగ్గు, దగ్గులోంచి నవ్వు లాంటిది, నవ్వే అయి ఉండాలి. 

“చెనిక్కాయల చట్నీ సార్. సద్ది కట్టినా. నీది?” 

అతనికి తెలియదు. పొద్దున గుమ్మంలో జ్యోతిలక్ష్మి చెప్పింది, ఆఁ అన్నాడు, తెలియదు. ఒక చేత్తో మైకు పట్టుకుని రెండో చేత్తో సీటు కింద తడిమి కారియరు లాగాడు, మోకాళ్ళ మధ్య ఇరికించి పై గిన్నె మూత పీకాడు, కళ్ళు మసకగా ఉన్నాయి, తుడుచుకుని చూశాడు. 

“ఆనపకాయ. పాలు పోసి వండింది మా ఆవిడ. పైన జీలకర్ర కూడా వేసినట్టుంది.” 

కింది గిన్నె కూడా తీశాడు, చెప్పాడు, పెరుగన్నం, ఉప్పుమిరపకాయ, రెండు మిరపకాయలు, ఒకటి విరిగింది. అవన్నీ ఎవరికీ పనికిరాని మాటలు, గాలిలో అందరినీ బతిమాలి ఖాళీ చేయించిన దారి నిండా ఆ మాటలే పోశాడు, ఆగితే ఏమవుతుందోనని ఆగలేదు, మీట వదిలినప్పుడల్లా వినేవాడు, ఇంజను ఉందా, ఉంది, మళ్ళీ నొక్కేవాడు. ఆనపకాయ మొన్న కూడా వండింది గురప్పా, అప్పుడు పాలు పోయలేదు. 

“సార్,” అన్నాడు గురప్ప. ఇంజను చప్పుడు మారింది. “నేల తెల్లగా ఉండాది సార్.”

పైలట్ కూడా అదే అన్నాడు, తెల్ల లారీ ఉప్పు నేల మీదికి వచ్చింది, డ్రైవరు దిగాడు, నిలబడ్డాడు, చెయ్యి ఊపుతున్నాడు. భీమేశ్వరరావు మైకు ఒళ్ళో పెట్టుకున్నాడు. దూరంగా, చాలా చిన్నగా, చెయ్యి ఊపుతున్న మనిషి, అతనికి కనపడలేదు, పైలట్ చెబితే విన్నాడంతే. ఇంతలో పైలట్, ఈ దారి మీద మధ్యలో మాట్లాడిన స్టేషను ఎవరిది, చెప్పండి, అన్నాడు. కటువుగా కాదు, అడగాలి కనక అడిగాడు. భీమేశ్వరరావు తన పేరు చెప్పాడు, వినడానికి కూర్చున్నవాణ్ణని చెప్పాడు, మీ కార్డులో లేని అంకె ఒకటుంది, అది వేయకపోతే కిందివాళ్ళకి మీ మాట వినపడదు, పొద్దుటి నుంచీ వినపడలేదు, వేయించకపోవడం నా తప్పు అని చెప్పి అంకె ఇచ్చాడు. పైలట్ దాన్ని తిరిగి చెప్పాడు. మరో నిమిషానికి, ట్యాంకర్ మూడు నా మాట ఎలా వినపడుతోంది, అంటే, గురప్ప గొంతు, సిగ్గుపడుతూ, గుడ్ సార్, వెరీ గుడ్.

గట్టు మీద తౌఫిక్ కారు వస్తోంది, దుమ్ము లేపుకుంటూ, అతను కూడా ఎక్కడో విన్నట్టున్నాడు. రావడానికి రెండు నిమిషాలు పడుతుంది. భీమేశ్వరరావు లాగ్‌బుక్కు ముందుకు లాక్కున్నాడు. టోన్ సంగతి మొదట రాశాడు, తారీఖుతో సహా, దాచకుండా. తర్వాత కింది గీతలో, సమయం రెండూ ముప్పై నాలుగు నుంచి రెండూ నలభై ఒకటి. గొంతు: అనుమతి లేనిది. భాష: తెలుగు. విషయం దగ్గర కలం ఆగింది, చాలా రాయొచ్చు, ప్రాణరక్షణ అని రాస్తే తౌఫిక్ మనసు కూడా మెత్తబడవచ్చు. కూర, అని రాశాడు. ఎవరు అన్న గడిలో పదహారేళ్ళుగా తెలియదు అని రాసీ రాసీ చెయ్యి ఆ అక్షరాల మీదికే పోయింది, ఆపి, తండ్రి పేరుతో సహా తన పేరు పూర్తిగా రాసి, పక్కన ఇఖామా నంబరు వేశాడు. చర్య గడి తౌఫిక్‌కి వదిలేశాడు. కారు తలుపు చప్పుడైంది. అతను ఫోను తీసి జ్యోతిలక్ష్మికి మెసేజ్ పెట్టాడు, ఆనపకాయ పాలు పోసి వండావు, జీలకర్ర వేశావు, చూశాను, అని. ఇంకేం రాయాలో తెలియక, అదే పంపి, వ్యాను దిగాడు.